మారియెల్ జింగ్రా ఎడమ చెయ్యి

మారియెల్ జింగ్రాది ఎడమచేతి వాటం. ఈ సంగతి ఊళ్ళో చాలామందికి ఆలస్యంగా తెలిసేది. ఎదుటివాడు ఆమె కుడిచేతి మీద కన్నేసి ఉండేవాడు, దెబ్బేమో రెండోవైపునుంచి వచ్చి పడేది. పడ్డాక తెలిస్తే లాభమేముంది చెప్పండి!

పదకొండుమంది పిల్లల్లో ఆమె ఏడోది. ఆ ఇంట్లో సూపు గిన్నె దాకా వెళ్ళాలంటే ముందు ఆరు మోచేతుల్ని దాటుకోవాలి. తొమ్మిదో ఏట పెద్దన్న తన వంతు రొట్టె లాక్కున్నాడని, గుమ్మం బయట మంచులో గడ్డకట్టి ఉన్న చేపని తోక పట్టుకుని తెచ్చి వాడి ముక్కు పగలగొట్టింది. పదిహేడో ఏట పందుల కబేళాలో చేరింది. ఇరవై ఏడేళ్ళు అక్కడ పేగులు కడిగింది. ఒకసారి మేస్త్రీ ఒకడు నడుం గిల్లాడు. చేతిలో ఉన్న పంది తొడతోనే సమాధానం చెప్పింది. వాడు కిందపడగానే ఏప్రన్ విప్పి, చేతులు కడుక్కుని, తిన్నగా ఆఫీసుకెళ్ళి, "మేస్త్రీని కొట్టాను. రెండు పళ్ళు పోయాయి. రాసుకోండి" అంది.

అదీ మారియెల్. కొట్టడం ఎంత సులువో, వెళ్ళి చెప్పేయడం కూడా అంతే సులువు ఆమెకి. కోపం దాచుకోలేదు, తప్పూ దాచుకోలేదు. రెండూ ఒక్క గొంతులోంచే వచ్చేవి.

కబేళా మూతబడ్డాక, నలభై నాలుగేళ్ళ మనిషికి కొత్త పని ఏం దొరుకుతుంది? దొరికింది. ఊరి పోలీసులు ఆమెకి నారింజరంగు కోటు తొడిగి, చేతికి కార్లని ఆపే ఎర్ర పలక ఇచ్చి, బడి దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించమని నిలబెట్టారు. అబ్బో, ఆ పని మీద ఆమెకెంత ప్రాణమో! సున్నాకి ముప్పై డిగ్రీలు కింద ఉన్నా ఏడుంపావుకల్లా వీధి మూలన ఉండేది. నూట నలభైమంది పిల్లలు, అందరి పేర్లూ వచ్చు. ఎవరి చేతి తొడుగులు ఏ రంగో, ఎవరికి ముక్కు కారుతుందో అన్నీ తెలుసు. "మారియెల్ అత్తా, ఇవాళ నాకు పన్ను ఊడింది!" అని ఎవరైనా అంటే, "నేను చాలామందికి ఊడగొట్టానమ్మా, నీది ఎవరు ఊడగొట్టారు?" అనేది.

పోయిన ఏడాది అక్టోబరులో ఒక పెద్దమనిషి ఫోను చూసుకుంటూ పలకని లెక్కచెయ్యకుండా కారు పోనిచ్చాడు. కారు పక్క అద్దం ఒక పిల్ల సంచికి రాసుకుపోయింది, పిల్ల బొంగరంలా తిరిగి పడింది. మారియెల్ పది అడుగులు పరిగెత్తి, ఎర్ర పలకతో ముందు అద్దం పగలగొట్టి, ఆయన్ని కిటికీలోంచి బయటికి లాగింది. ఆయన ముక్కు, మెడ దగ్గర ఎముక విరిగాయి. ఆ తర్వాత పిల్లలందర్నీ దాటించి, అప్పుడు నడుచుకుంటూ స్టేషనుకి వెళ్ళి చెప్పింది.

తప్పు ఆయనదీ ఉంది కాబట్టి జడ్జీగారు జైలు వెయ్యలేదు. ఏడాదిపాటు ఎవరిమీదా చెయ్యి చేసుకోనని సంతకం పెట్టించుకున్నారు. ఒక్క దెబ్బ పడిందా, కేసు తిరగబెడుతుంది, నారింజ కోటు పోతుంది. అంతే షరతు.

సంతకం పెట్టింది ఆ ఎడమచేత్తోనే. ఆ ఏడాదంతా ఆ చేతికి వేరే మేత వెయ్యాల్సి వచ్చింది. తన ఇంటికే కాక వీధిలో మూడిళ్ళకి పొయ్యి కట్టెలు చీల్చిపెట్టింది. గొడ్డలి పడుతూంటే పక్కింటి కుక్క లోపలికెళ్ళి దాక్కునేది.

ఇక ఇప్పుడు తొమ్మిది రోజులు మిగిలాయి.

*

మారియెల్ మొగుడు ఫ్లోరియన్ మెత్తటి మనిషి. ఇరవై ఏళ్ళ కిందట పెరట్లో ఈతకొలను తవ్వించుకున్నాడు. ఏటా అక్టోబరులో వచ్చే కృతజ్ఞతల పండగ ముందు శనివారం నాడు దాన్ని చలికాలానికి మూసేది కూడా ఆయనే. ఈసారి ఆగస్టులో గుండెకి కోత పడింది. ఛాతీ మీద పైనుంచి కిందికి కుట్లు. ఒక సంచీ బంగాళాదుంపలు కూడా ఎత్తకూడదన్నారు డాక్టర్లు. దుప్పటి కప్పుకుని వెనక వరండాలో కుర్చీ వేసుక్కూర్చుని మూలుగుతున్నాడు.

"మనిషిని పిలిపిద్దామే. నీకెందుకీ బాధ?"

"పోయినసారి మా తమ్ముడు తన కొలనుకి పిలిపించాడుగా మనిషిని. ఏప్రిల్లో చూస్తే పైపులు పుచ్చకాయల్లా పగిలున్నాయి. నోరు మూసుకుని సూపు తాగు."

"నీకు పైపుల సంగతి ఏం తెలుసని..."

"ఇరవై ఏడేళ్ళు పేగులు కడిగానయ్యా. ఒకవైపు మూతిపెట్టి ఊదితే రెండోవైపు మురికి రావాలి. గాలి వచ్చాక ముడెయ్యాలి. పందికైనా కొలనుకైనా ఇంతే."

ఫ్లోరియన్ ఫోను దుప్పట్లోకి తీసుకున్నాడు. అది ఆమె చూడలేదు.

ఆ రోజు గాలి కూడా కొట్లాటకి వచ్చినట్టే ఉంది. ఆకులు మొహాన కొడుతున్నాయి. బాతుల గుంపులు అరుచుకుంటూ దక్షిణానికి పోతున్నాయి, పొలాల్లోంచి వేటగాళ్ళ తుపాకులు ఢాం ఢాం. ఎక్కడో ఒక బాతు గాల్లో ముడుచుకుపోయి రాయిలా పడింది. రాత్రికి గట్టి మంచు పడుతుందని రేడియో చెప్పింది. పైపుల్లో చుక్క నీరు ఉన్నా గడ్డకట్టి ఉబ్బి చీల్చేస్తుంది.

మారియెల్ కొలను గోడల్లో పైపులు తెరుచుకునే కన్నాలకి మూరెడు పైదాకా నీళ్ళు తోడేసింది. మోకాళ్ళ మీద వాలి, భుజం దాకా చెయ్యి ముంచి, కన్నాల మూతలు విప్పింది. నీళ్ళు కత్తిలా కోస్తున్నాయి. తుప్పు పట్టిన మూత ఒకటి కదలనంటే రెంచితో బాదింది. రెంచి జారి వేళ్ళ కణుపులు గోడకి కొట్టుకుని చర్మం లేచిపోయింది. చర్చిలో పూజసామాన్లు ఎన్నున్నాయో అన్నిటి పేర్లూ వరసగా పెట్టి తిట్టింది; ఆ ఊళ్ళో గట్టి తిట్లంటే అవే. వరండాలోంచి ఫ్లోరియన్ శిలువ గుర్తు వేసుకున్నాడు.

తర్వాత పెద్ద వాక్యూమ్ క్లీనరుని తిరగేసి, గాలి పీల్చే వైపు కాక వదిలే వైపు పైపుకి తగిలించి, స్విచ్చి నొక్కింది. అది ఏనుగులా ఘీంకరించింది. క్షణం తర్వాత మొదటి కన్నంలోంచి నీళ్ళు బుడగలు బుడగలుగా కక్కుకున్నాయి. గాలి ఇంకా వస్తూండగానే రబ్బరు బిరడా దోపి పిడికిలితో కొట్టి బిగించింది. రెండో కన్నానికీ అలాగే. మూడోది చెత్త పీల్చుకునే నోటికి పోయే పైపు. దాని వాల్వు తిప్పి మూసి, గడ్డకట్టనివ్వని గులాబీరంగు ద్రవం తెచ్చుకోవడానికి నేలమాళిగలోకి దిగింది.

చూశారా, ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. ఆ క్షణాన గాలి బయటికి పోయే దారులు మూడూ మూసే ఉన్నాయి.

*

డబ్బా పట్టుకుని పైకొచ్చేసరికి పెరట్లో గాస్తోన్ ఉన్నాడు.

గాస్తోన్ ఫ్లోరియన్‌కి అన్న. రెండు వీధుల అవతల లారీ టైర్ల కొట్టు. మనిషి లావు, గొంతు లావు, సలహా ఇంకా లావు. మారియెల్ సంతకం పెట్టిన రోజునుంచి ఆయనకి పండగే పండగ. ఇరవై ఏళ్ళుగా భయపడి మింగిన మాటలన్నీ ఈ ఏడాదిలో కక్కేశాడు. ఆమె పై తొడుగు ఎండలో ఆరేస్తే దిష్టిబొమ్మ అన్నాడు. ఆమె మాంసం పెట్టి కాల్చిన రొట్టె తిని, కబేళా వాసనొస్తోందన్నాడు. అన్న ప్రతిసారీ చెంప ముందుకి పెట్టి, "కొట్టు మరదలా, కొట్టు మరి!" అనేవాడు. ఆమె వెళ్ళి కట్టెలు చీల్చుకునేది.

ఇప్పుడు రోడ్డు మీద ఆయన లారీ ఆగి ఉంది. దాని మీద టైర్లకి గాలికొట్టే కంప్రెసర్ దడదడలాడుతోంది. అక్కడినుంచి ఎర్ర గొట్టం కంచె మీదుగా పెరట్లోకి వచ్చింది. గాస్తోన్ దాని మూతిని, కొలను నీళ్ళని ఇసకతో వడకట్టే ఫిల్టరు పీపా అడుగున బిగించేశాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

"నీ మొగుడు ఫోను చేశాడు. పాపం, పెళ్ళాం ఇల్లు చెరుస్తోందని ఏడ్చాడు. ఇంటి చీపురుతో పైపులు ఊడ్చేదానివి నువ్వొక్కదానివే!"

మారియెల్ వరండా కేసి చూసింది. ఫ్లోరియన్ దుప్పటిని గడ్డం దాకా లాక్కున్నాడు.

"తియ్యి," అంది. "రెండు కన్నాలూ బిగించేశాను. మూడోది మూశాను. గాలికి దారి లేదు."

"దారి గాలే చూసుకుంటుంది. నా గాలి లారీనే లేపుతుంది. నీ బిరడాలు ఒక లెక్కా!"

"బావా, గొట్టం తియ్యి."

"నువ్వెళ్ళి పంది పేగులు కడుక్కో."

అని గొట్టం మర తిప్పి గాలి వదిలాడు.

పీపా ఒక్కసారి మూలిగింది. దాని నెత్తిన ఇనప మూత, మూతకీ పీపాకీ మధ్య నడుముకి చుట్టినట్టు ఉక్కు పట్టీ. పక్కనే మీటరు. సూది ఇరవై దాటింది, ముప్పై దాటింది. గాస్తోన్ మూత మీద చెయ్యేసి, చెవి ఆనించి వింటున్నాడు, డాక్టరు రోగి గుండె విన్నట్టు.

"పోతోంది, పోతోంది. విను ఎలా పోతోందో!"

"పోవట్లేదు! నిండుతోంది!"

కంప్రెసర్ మోతలో ఎవరి మాట వాళ్ళకే వినబడటం లేదు. మారియెల్ మర కోసం చెయ్యి చాపింది. గాస్తోన్ మోచేత్తో వెనక్కి పొడిచాడు. మోచెయ్యి ఆమె నోటికి తగిలి పెదవి చిట్లింది. రక్తం గడ్డం మీదికి కారింది.

"కొట్టు మరి!" అని అరిచాడు నవ్వుతూ, మూత మీదనుంచి చెవి తియ్యకుండానే. "తొమ్మిది రోజులు! లెక్కపెట్టుకుంటున్నానులే!"

రోడ్డు మీద లారీ దాకా పరిగెడితే? నలభై అడుగులు, మధ్యలో కంచె. సూది యాభై దాటి చివరి అంకె దగ్గర వణుకుతోంది. అప్పుడు ఉక్కు పట్టీ మీద ఆమె కన్ను పడింది. పట్టీ జానెడు మేర మెరుస్తోంది. ఇంతసేపూ మట్టికొట్టుకుని నల్లగా ఉన్న చోట కొత్తగా మెరుపొచ్చిందంటే పట్టీ జారుతోందన్నమాట. ఎక్కువ ఊదిన పేగు కూడా పగిలేముందు అలాగే మెరుస్తుంది.

ఆ క్షణాన ఆమెకి జడ్జీగారు గుర్తొచ్చారు, ఏడుంపావు గుర్తొచ్చింది. ఇదంతా నేను చెప్పడానికి పట్టే వ్యవధి కూడా ఆమెకి లేదు.

ఎడమ చెయ్యి లేచింది.

దెబ్బ దవడ కింద పడింది. నూట పది కిలోల గాస్తోన్ నేల వదిలి, వెనక్కి, ఆకుల కుప్పలో పడ్డాడు. మారియెల్ ఆయన మీద పడింది.

పీపా పేలింది.

ఆ మోత ఊరంతా విన్నారు. పట్టీ తెగి కొరడాలా కంచె మీద రెండు పలకల్ని ముక్కలు చేసింది. మూత గాస్తోన్ తల ఇంతకుముందున్న చోటులోంచి లేచి, మేపుల్ కొమ్మని నరికి, ఫ్లోరియన్ కుర్చీకి రెండడుగుల పక్కనుంచి వెళ్ళి, వంటింటి కిటికీ పగలగొట్టుకుని, ఫ్రిజ్ తలుపులో సగం దాకా నాటుకుంది. తర్వాత నల్ల ఇసక వానలా కురిసింది.

*

గాస్తోన్‌కి చెవులు గింగుర్లెత్తుతున్నాయి. మూత చూడలేదు, పట్టీ చూడలేదు. నోట్లోంచి ఒక పన్ను అరచేతిలోకి ఉమ్మి దాన్నే చూశాడు. ఆపైన మొహం వెలిగిపోయింది.

"కొట్టావు!" అన్నాడు. "నన్ను కొట్టావు! అయిపోయావు మరదలా! ఇక చూద్దాం నీ నారింజ కోటు!"

కింద పడి ఉండి కూడా నవ్వాడు ఆ మహానుభావుడు.

మారియెల్ వంగి, కాలరు పట్టి లేపి, రెండోది ముక్కు మీద ఇచ్చింది. ఎముక విరిగిన చప్పుడు ఫ్లోరియన్‌కి వరండా దాకా వినిపించింది. గాస్తోన్ నవ్వు ఆగింది. మూడోది కంటి కింద. నాలుగోదానికి చెయ్యి ఎత్తి, గాల్లో ఆపి, కణుపుల మీద రక్తాన్ని చూసింది. తనదెంతో ఆయనదెంతో తెలియలేదు. చెయ్యి దించేసింది.

"చాలే మారియెల్! వాడు చస్తాడే!" ఫ్లోరియన్ లేచి నిలబడి, ఛాతీ పట్టుకుని ఏడుస్తున్నాడు.

"నువ్వు కూర్చో! నువ్వు చస్తే వాడి మీదే పడతాను మళ్ళీ!"

ఆయన కూర్చున్నాడు.

పేలుడు విని ఎవరో తుపాకీ అనుకుని పోలీసులకి చెప్పారు. పావుగంటలో సార్జెంట్ బెలీల్ వచ్చాడు. నలభై ఏళ్ళ సన్నటి మనిషి. ఆయన కవలపిల్లలు పొద్దున్నే మారియెల్ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతారు. పెరడంతా తిరిగి చూసి, వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్‌ని చూసి, పాలిపోయి బయటికొచ్చాడు. గాస్తోన్ కూడా అప్పుడే కుంటుకుంటూ లోపలికెళ్ళి చూసొచ్చాడు. మూతని చూశాక, తన చెవిని తడుముకుని, మెట్టు మీద కూలబడ్డాడు. ఆ మనిషి మాటలేకుండా కూర్చోవడం ఊళ్ళో ఎవరూ ఎరగరు.

సార్జెంట్ పుస్తకం తీశాడు. "మీ మొహానికి ఏమైంది, గాస్తోన్‌గారూ?"

గాస్తోన్ మరదలి కేసి చూశాడు. పగిలిన పెదవి, ఇసక నిండిన జుట్టు, ఎడమచేతికి గుడ్డ చుట్టుకుంటోంది.

"మూత తగిలింది," అన్నాడు.

"మూతేనా?"

"మూతే. రాసుకో."

ఫ్లోరియన్ వెంటనే అందుకున్నాడు. "అవును, నేను చూశాను. మూతే."

సార్జెంట్ ఆ దవడ మీద నాలుగు కణుపుల అచ్చు చూశాడు. చూసి కూడా కలం కాగితం మీద పెట్టి రాయడం మొదలెట్టాడు.

"ఆగండి," అంది మారియెల్. "మూత తగిలితే వీడికి తల ఉండేదా? నేనే కొట్టాను."

"మారియెల్!" అన్నాడు ఫ్లోరియన్.

"సరే మేడమ్ జింగ్రా," సార్జెంట్ మెల్లిగా అన్నాడు. "ఆయన్ని అక్కణ్ణించి తప్పించడానికి కొట్టారు. ప్రాణం కాపాడటానికి. దాన్ని ఏ జడ్జీ తప్పుపట్టడు. ఒక దెబ్బ. అంతేకదా?"

"ఒకటే," అన్నాడు గాస్తోన్ ముక్కుకి గుడ్డ అదుముకుని. "నాకు ఒకటే గుర్తుంది."

"మూడు," అంది మారియెల్.

కలం ఆగింది.

"మేడమ్, మళ్ళీ అడుగుతాను. బాగా ఆలోచించుకుని చెప్పండి. ఎన్ని?"

"మూడండీ. ఒకటి వీణ్ణి తప్పించడానికి. అప్పటికి ఇంకా పేలలేదు. రెండోదీ మూడోదీ పేలిపోయాక. అవి నాకోసం. హాయిగా కూడా ఉంది, అదీ రాసుకోండి."

"ఎవరూ ఫిర్యాదు చెయ్యట్లేదు కదమ్మా!" సార్జెంట్ గొంతు దాదాపు బతిమాలుతున్నట్టు ఉంది.

"సంతకం పెట్టింది వీడి దగ్గర కాదు కదా, ఫిర్యాదు వీడు చెయ్యడానికి."

పొలాల్లో మళ్ళీ తుపాకీ పేలింది. గాస్తోన్ ఉలిక్కిపడి తల వంచుకున్నాడు.

సార్జెంట్ రాశాడు. రాసినంతసేపూ తలెత్తలేదు. చివరికి, "కోటూ పలకా తీసుకెళ్ళాలండీ," అన్నాడు. "విచారణ అయ్యేదాకా. తర్వాత ఏమంటారో నా చేతుల్లో లేదు."

మారియెల్ లోపలికెళ్ళి నారింజ కోటు తెచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసి ఉంది. గుడ్డ చుట్టిన చేత్తో ముట్టుకుంటే రక్తం అంటుతుందని కుడిచేత్తో ఇచ్చింది.

"సోమవారం పండగ సెలవు. మంగళవారం ఎవరిని నిలబెడతారు?"

"ఇంకా తెలీదు."

"ఎవరైతేనేం, చెప్పండి. ఏడూ నలభైకి కట్టెల మిల్లు లారీ వస్తుంది. పల్లంలో దానికి బ్రేకు పట్టదు. అది దాటేదాకా పిల్లల్ని గీత మీదకి రానివ్వకూడదు. మీ కవలల్లో పెద్దవాడు సగంలో ఆగి బూటు కట్టుకుంటాడు, వాణ్ణి చెయ్యి పట్టుకునే దాటించాలి."

"చెప్తానండీ," అన్నాడు సార్జెంట్. కారెక్కి వెళ్ళిపోయాడు.

*

మూడైంది. ఎండ అప్పుడే పసుపెక్కుతోంది. పీపా లేదు, పంపు చీలింది. అయినా భూమిలో పైపులున్నాయి, అవి పోతే పెరడంతా తవ్వాలి. మారియెల్ వాక్యూమ్ క్లీనరుని ఈడ్చుకొచ్చి మూడో పైపుకి తగిలించింది. నీళ్ళు బయటికి దూకాయి. గాలి ఒక్కటే వస్తోందనగా, గులాబీరంగు ద్రవం పోసి మూతి మూసింది.

ఇక కొలను మీద కప్పే కవరు మిగిలింది. అది రెండువైపులా ఇద్దరు పట్టుకు లాగాల్సిందే, ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఫ్లోరియన్ దుప్పటి తీసి లేవబోయాడు.

"కూర్చో."

"తప్పు నాదే మారియెల్. వాణ్ణి పిలిచింది నేను. నీ చేత కాదనుకున్నాను."

"తెలుసు. ఆ మాట నీతో తర్వాత తేల్చుకుంటాను. చేత్తో కాదులే, భయపడకు."

గాస్తోన్ మెట్టు మీదనుంచి లేచాడు. ఒక కన్ను అప్పటికే మూసుకుపోయింది. ముక్కులో దూది. ఆసుపత్రికి పోవాల్సిన మనిషి. కొలను చుట్టూ నడిచి, అవతలి గట్టున వంగి, కవరు అంచు పట్టుకున్నాడు.

గాలికి కవరు తెరచాపలా లేచి కొట్టుకుంది. ఇద్దరూ వెనక్కి వాలి లాగారు. నల్లటి నీళ్ళ మీద అది అడుగు అడుగునా పరుచుకుంటూ వచ్చింది.

సగం దాకా వచ్చాక గాస్తోన్ ముక్కుతో అన్నాడు: "ఒకటే అనేస్తే పోయేది కదే. నేను అన్నానుగా."

"అన్నావు."

"మరి?"

"ఇటు ముడతపడింది, చూడు. గట్టిగా లాగు."

గాస్తోన్ లాగాడు.